సాఫ్ట్‌వేర్ కుర్చీ నుంచి ఒకటో తరగతి గదికి: హైదరాబాద్‌లో డీఎల్ఈడీ ఎలా ఉంది?

ముప్పై దాటాక ఉన్న ఉద్యోగం మానేసి పిల్లలకు పాఠాలు చెప్పుకుందామనుకునేవాళ్లు హైదరాబాద్‌లో తక్కువేం లేరు. కదిలిస్తే ఎక్కువమంది నోట వచ్చేది బీఈడీ మాటే. ఏ తరగతికి చెప్పాలనుకుంటున్నారని అడిగితే మాత్రం ‘చిన్నపిల్లలకి, ఒకటి నుంచి అయిదు’ అంటారు. అక్కడే వచ్చింది చిక్కు. ఈ రెండు జవాబులూ ఇప్పుడు ఒకదానితో ఒకటి అతకవు. సికింద్రాబాద్ స్టేషన్లో టికెట్టు సరిగ్గానే కొని, పక్క ప్లాట్‌ఫాం మీది రైలు ఎక్కినట్టుంటుంది వ్యవహారం.

చిన్న తరగతుల టీచరు కావడానికి సరైన చదువు డీఎల్ఈడీ, అంటే ప్రాథమిక విద్యలో డిప్లొమా. పాతతరం భాషలో టీటీసీ. ఇంటర్ పాసైనవాళ్ల కోసం పెట్టిన రెండేళ్ల కోర్సు ఇది. డిగ్రీలు, పీజీలు చేసి, పదేళ్లు ఉద్యోగం చేసి వచ్చినవాళ్లు కూడా ఇందులోనే చేరాలి. అలా చేరేవాళ్ల కళ్లతో చూస్తే ఈ కోర్సు ఎలా ఉంది, ఎక్కడ బాగుంది, ఎక్కడ విసిగిస్తుంది అన్నదే ఈ సమీక్ష.

ముందు రూల్ సంగతి, ఎందుకంటే డబ్బూ ఏళ్లూ పోయేది ఇక్కడే. విద్యాహక్కు చట్టం కింద టీచర్ల కనీస అర్హతలను ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) 2010 ఆగస్టు 23న ప్రకటించింది. 1 నుంచి 5 తరగతులకు డీఎల్ఈడీ, దానితోపాటు టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) పాసవడం తప్పనిసరి. 2018 జూన్ 28న ఇంకో నోటిఫికేషన్ ఇచ్చి, బీఈడీ వాళ్లు కూడా ప్రాథమిక తరగతులకు పనికొస్తారనీ, చేరిన తర్వాత ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలనీ అంది. బీఈడీ చేస్తే అన్ని తరగతులకూ చెల్లుతుందన్న నమ్మకం ఊరంతా పాకింది ఆ అయిదేళ్లలోనే. రాజస్థాన్ హైకోర్టు 2021లో ఆ నోటిఫికేషన్‌ను కొట్టేసింది. సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న అదే ఖాయం చేసింది. ఆ తీర్పుకు ముందే ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదని 2024 ఏప్రిల్‌లో వివరణ వచ్చింది. బ్రిడ్జి కోర్సు వాళ్ల కోసమే తప్ప కొత్తగా బీఈడీ చేసేవాళ్ల కోసం కాదు. అయినా కన్సల్టెన్సీల కరపత్రాల్లో ‘బీఈడీ ప్లస్ బ్రిడ్జి’ మాట ఇంకా తిరుగుతోంది. ఆ మాట వినిపిస్తే మారు మాట్లాడకుండా లేచి వచ్చేయండి.

‘మాకు డిగ్రీ ఉంది కదా, గ్రాడ్యుయేట్ల కోసం వేరే దారి లేదా?’ అని అడిగేవాళ్లకు సూటి జవాబు: చిన్న తరగతులకు లేదు. విద్యలో ఎంఏ మంచి చదువే కానీ అది టీచరు అర్హత పత్రం కాదు. టీచ్ ఫర్ ఇండియా రెండేళ్ల ఫెలోషిప్‌లో తరగతి గది అనుభవం గట్టిగా వస్తుంది, కానీ దానితో టెట్ రాయలేరు. మాంటిస్సోరి డిప్లొమా, నర్సరీ టీచర్ ట్రైనింగ్ ప్రీస్కూల్ ఉద్యోగాలకు పనికొస్తాయి తప్ప డీఎల్ఈడీకి బదులు కావు. డిగ్రీ, బీఈడీ కలిపిన నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు ఇంటర్ అయిన వెంటనే చేరేవాళ్లది. 35 ఏళ్ల మనిషిని మళ్లీ నాలుగేళ్లు చదవమనడం ఎవరికైనా ఇబ్బందే.

చేరాలంటే డీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. 100 ప్రశ్నలు, 100 మార్కులు, 2 గంటలు. జనరల్ నాలెడ్జ్, బోధనాసక్తి కలిపి 10. ఇంగ్లిష్ 10, తెలుగు లేదా ఉర్దూ 20. మిగిలిన 60లో గణితం 20, భౌతిక, రసాయన శాస్త్రాలు 10, జీవశాస్త్రం 10, సాంఘికం 20. అన్నీ పదో తరగతి స్థాయిలోవే. ఇంజనీరింగ్ చదివినవాళ్లు గణితం, సైన్సు చూసి ధీమాగా ఉంటారు కానీ మార్కులు పోయేది తెలుగు, సాంఘికంలో. సంధులు, సమాసాలు, ఛందస్సు వదిలేసి పదిహేనేళ్లయి ఉంటుంది. గురువు, లఘువు గుర్తించడం మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. తెలంగాణ బడుల్లో చదవనివాళ్లయితే రాష్ట్ర ప్రభుత్వ సాంఘిక శాస్త్రం పుస్తకాలు 6 నుంచి 10 వరకు తెప్పించుకుని ఒక నెల కూర్చుంటే చాలు. గైడు కొననక్కర్లేదు. వయసుకు పైన పరిమితి లేదు, కింద 17 నిండితే చాలు.

కానీ పరీక్షకన్నా ముందు ఒక గుమ్మం ఉంది. అర్హత లెక్కించేది ఇంటర్ మార్కులతో. 50 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 45. ఎంటెక్‌లో డిస్టింక్షన్ వచ్చినా ఇంటర్‌లో 48 శాతమే అయితే తలుపు మూసుకున్నట్టే. పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్ చేసి, లేటరల్‌గా బీటెక్‌లోకి వెళ్లినవాళ్లకు అసలు ఇంటర్ మెమోనే ఉండదు. వాళ్లు డిప్లొమాకు తత్సమాన గుర్తింపు సంగతి ముందుగా తేల్చుకుని గానీ ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకూడదు. ఈ ఒక్కటి చూసుకోకుండా నోటీస్ పీరియడ్ పెట్టేవాళ్లు ఉంటారు.

ఇక కోర్సు. నగరానికి దగ్గర్లో ప్రభుత్వ డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) నేరెడ్‌మెట్‌లో ఉంది, రంగారెడ్డి వైపు వాళ్లకు వికారాబాద్ డైట్. ఉర్దూ మీడియం వాళ్లకు గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. ఇవి కాక ప్రైవేటు కాలేజీలు. డైట్‌లో ఫీజు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ, పైగా ఇంటర్న్‌షిప్‌కు ప్రభుత్వ బడులతో అనుబంధం సహజంగానే ఉంటుంది. ర్యాంకు వస్తే రెండో ఆలోచన అనవసరం. తోటి ఛాత్రోపాధ్యాయులు, అంటే శిక్షణలో ఉన్న విద్యార్థులు, చాలావరకు పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల వాళ్లు. మొదటి నెల ‘సార్, మేడం’ అని పిలుస్తారు, తర్వాత ‘అన్నా, అక్కా’ అయిపోతుంది. రికార్డుల్లో బొమ్మలు వేయడానికి వాళ్ల సాయం, ఇంగ్లిష్ పాఠ్యప్రణాళికకు మీ సాయం. ఈ ఇచ్చిపుచ్చుకోవడం లేకుండా రెండేళ్లు గడవవు.

కోర్సులో అన్నింటికన్నా విలువైన భాగం చదవడం నేర్పడం ఎలాగన్న పాఠం. డిగ్రీ ఉన్న పెద్దవాళ్లకు ఇది ఏమాత్రం తెలియని విద్య, ఎందుకంటే తాము చదవడం ఎలా నేర్చుకున్నారో ఎవరికీ గుర్తుండదు. అ ఆ ఇ ఈ వరసగా రాయించి, గుణింతాలు బట్టీ పట్టించడమే పద్ధతి అనుకుని వస్తారు. అలా నేర్చిన పిల్లలు క కా కి కీ అని రాగం తీసి పాడేస్తారు. విడిగా ‘కె’ చూపించి ఇదేంటని అడిగితే మళ్లీ ‘క’ దగ్గర మొదలెట్టి వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ వస్తారు. అక్షరానికీ ధ్వనికీ ముడి పడలేదన్నమాట, వరస ఒక్కటే పడింది. అందుకే డీఎల్ఈడీలో నేర్పేది బొమ్మ, పదం, అక్షరం అనే క్రమం: తెలిసిన వస్తువు బొమ్మ, దాని పేరు, ఆ పేరులోని అక్షరం, ఆ అక్షరంతో వచ్చే ఇంకో మూడు నాలుగు పదాలు. ప, వ, మ వంటి పోలిక ఉన్న అక్షరాలను ఒకే రోజు పక్కపక్కన పరిచయం చేస్తే పిల్లలు తికమకపడతారు. ఒకటి బాగా కుదిరాక రెండోది తేవాలి. ఒత్తులు వచ్చేసరికి ఇంకో గండం: ‘అమ్మ’, ‘అక్క’ వంటి ద్విత్వాలు ముందు, ‘పద్మ’, ‘భక్తి’ వంటి సంయుక్తాలు తర్వాత. ఈ క్రమం తప్పితే మూడో తరగతికి వచ్చినా పిల్లవాడు ‘పద్మ’ని ‘పదమ’ అని చదువుతాడు.

హైదరాబాద్‌లో దీనికి ఇంకో మెలిక ఉంది. ఒకే గదిలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్ల, హిందీ మాట్లాడే వలస కూలీల పిల్లవాడు, లంబాడీ మాట్లాడే పిల్ల, తెలుగు పిల్లలు కలిసి కూర్చుంటారు. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చి, పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు అయింది. తెలంగాణ 2018 చట్టం ప్రకారం ప్రైవేటు బడుల్లోనూ తెలుగు తప్పనిసరి. అంటే తెలుగు రాని పిల్లలకు తెలుగును రెండో భాషగా నేర్పడం ఇక్కడి టీచరు రోజువారీ పని. కోర్సులో దీనికి దొరికే చోటు చాలా తక్కువ. బహుభాషా తరగతి అని ఒక పాఠం ఉంటుంది, మంచి మాటలు చెప్పి ముగిసిపోతుంది. రేపు ఉదయం తొమ్మిదింటికి ఏం చేయాలో అందులో దొరకదు. ఈ విషయంలో మా మార్కులు అయిదుకు రెండే.

గణితం బోధన బాగుంది, ముఖ్యంగా ఇంజనీర్లకు. వాళ్లకు సహజంగా ఉండే జబ్బు తొందర. జవాబు తెలిసినవాడికి మెట్లు కనిపించవు. నూట అయిదు రాయమంటే రెండో తరగతి పిల్ల 1005 అని రాస్తుంది. అజాగ్రత్త కాదది, విన్నది విన్నట్టు రాసింది, నూరు, ఆ పక్కన అయిదు. స్థానవిలువ ఇంకా ఏర్పడలేదు. దానికి మందు చీపురు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు. ముప్పైమంది తరగతిని అయిదుగురేసి ఆరు జట్లు చేస్తే జట్టుకు 100 చొప్పున 600 పుల్లలు కావాలి. పదేసి కట్టలు పిల్లలతోనే కట్టించాలి. టీచరు ఇంట్లో కట్టుకుని తెస్తే పాఠం సగం చచ్చిపోతుంది. 52లోంచి 27 తీసేయాలంటే అయిదు కట్టలు, రెండు పుల్లలు ముందు పెట్టుకుంటారు. ఏడు తీయడానికి పుల్లలు చాలవు, ఒక కట్ట విప్పుతారు. నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు అవుతాయి. ఇప్పుడు ఏడు పుల్లలు, రెండు కట్టలు తీస్తే 25. ‘పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవడం’ అన్న పాత మాటకు అర్థం అప్పుడు వస్తుంది. ఈ పని రెండు పీరియడ్లు తింటుంది, మొదటిసారి చేసేవాళ్లు ఒక్క పీరియడ్‌లో ముగిద్దామని చూసి గందరగోళం చేస్తారు. పుల్లల దశ నుంచి నేరుగా అంకెలకు దూకడం ఇంకో తప్పు. మధ్యలో నోటుబుక్కులో కట్టల బొమ్మలు గీయించే దశ ఒకటుంది, దాన్ని ఎగ్గొడితే వారం తర్వాత పిల్లలు మళ్లీ మొదటికొస్తారు. భిన్నాల్లోనూ అంతే. 1/3 పెద్దదా 1/4 పెద్దదా అంటే నాలుగు మూడుకన్నా పెద్దది కాబట్టి 1/4 అంటారు. ఒకే కొలత కాగితపు పట్టీలు రెండు మడిచి పక్కపక్కన పెడితే తప్ప మాటలతో అది దిగదు.

సూక్ష్మబోధన (మైక్రోటీచింగ్, చిన్న పాఠంతో చేసే సాధన) గురించి ఒక మాట. దాని చక్రం 36 నిమిషాలు: 6 నిమిషాలు బోధన, 6 పరిపుష్టి (చూసినవాళ్లు లోటుపాట్లు చెప్పడం), 12 పునఃప్రణాళిక, 6 పునర్బోధన, 6 మళ్లీ పరిపుష్టి. ఒక్కో చక్రంలో ఒకే నైపుణ్యం: ప్రశ్నించడమో, నల్లబల్ల వాడకమో, ఉన్ముఖీకరణో (పిల్లల్ని పాఠం వైపు తిప్పుకోవడం). ఎదుట కూర్చునేది పిల్లలు కాదు, తోటి ఛాత్రోపాధ్యాయులు. అందుకే చాలామంది దీన్ని నాటకంలా తీసిపారేస్తారు. నిజానికి ఉద్యోగాల్లో ప్రెజెంటేషన్లు ఇచ్చి వచ్చినవాళ్లకే దీని అవసరం ఎక్కువ, ఎందుకంటే ప్రశ్న అడిగి రెండు క్షణాలు కూడా ఆగకుండా తామే జవాబు చెప్పేసే అలవాటు వాళ్లలో పాతుకుపోయి ఉంటుంది. చక్రం రెండోసారి తిరిగినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. కొన్ని కాలేజీల్లో పునర్బోధన ఎగరగొట్టి, రికార్డులో మాత్రం రాయిస్తారు. చేరే ముందు రెండో ఏడాది విద్యార్థులను అడగాల్సిన ప్రశ్న ఇదే: ‘రీటీచ్ నిజంగా చేయిస్తారా?’

ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం రెండేళ్లలో 20 వారాలు బడిలో గడపాలి: మొదటి ఏడాది 4 వారాలు, రెండో ఏడాది 16. కోర్సుకు పెట్టిన ఖర్చుకు ఫలితం దొరికేది ఈ 16 వారాల్లోనే. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో చాలాచోట్ల అయిదు తరగతులకు ఇద్దరు ముగ్గురు టీచర్లే ఉంటారు. 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు అన్నది చట్టంలోని లెక్కే. అంటే ఒకే గదిలో రెండు తరగతులు. ఒకటో తరగతికి కథ చెబుతుంటే రెండో తరగతి ఖాళీగా ఉండకూడదు. నిజమైన నైపుణ్యం ఇక్కడ బయటపడుతుంది: ఒక తరగతికి ప్రత్యక్ష బోధన, ఇంకో తరగతికి తాముగా చేసుకునే పని, పదిహేను ఇరవై నిమిషాలకు తారుమారు. తాముగా చేసుకునే పని అంటే ‘ఎక్కాలు రాయండి’ అనడం కాదు. అది రెండు నిమిషాల్లో గొడవగా మారుతుంది. మొదలూ ముగింపూ పిల్లలకే తెలిసేలా ఉండాలి. కార్డులు జతపరచడం, బొమ్మకు మూడు వాక్యాలు రాయడం వంటివి. ప్రతిరోజూ దానికి సరిపడా సామగ్రి ముందురాత్రి సిద్ధం చేసుకోవాలి.

2022 ఆగస్టులో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం పుణ్యమా అని, చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియల్లో (కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం) ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో రాసుకునే అలవాటు బడుల్లో వచ్చింది. ఇంటర్న్‌షిప్‌కు వెళ్లినవాళ్లు మొదటి వారంలోనే ఆ జాబితా హెచ్‌ఎంను అడిగి తీసుకోవాలి. నాలుగో తరగతి అని నాలుగో తరగతి పాఠం పట్టుకుని వెళ్తే, గదిలో సగంమంది రెండో తరగతి మెట్టు మీదే ఉంటారు. పాఠ్యప్రణాళిక ఎంత అందంగా రాసినా అక్కడ నీరుగారిపోతుంది.

ఇంటర్న్‌షిప్‌లో మామూలుగా జరిగే తప్పులు కొన్ని. గొంతు: మొదటి రెండు వారాలు అరిచి, మూడో వారానికి గొంతు పోగొట్టుకుంటారు. చప్పట్ల లయ, చేయెత్తడం వంటి ఒక సంకేతాన్ని మొదటిరోజే పెట్టుకోవాలి. నల్లబల్ల: అక్షరం వెనక బెంచీకి కనబడాలంటే అరచేయంత ఉండాలి. కీబోర్డుకు అలవాటుపడ్డ చేయి చాక్‌పీసుతో రాసేటప్పుడు తెలుగు గుడి, కొమ్ము ఎక్కడపడితే అక్కడ పెడుతుంది. పిల్లలు ఆ తప్పునే దిద్దుకుంటారు. ఇంటికెళ్లి నాలుగు గీతల పుస్తకంలో వారంపాటు దిద్దుకోవడం చిన్నతనమేం కాదు. ఇక పెద్ద తప్పు, మెంటర్ టీచరు (బడిలో శిక్షణను చూసుకునే టీచరు) సెలవు పెట్టినప్పుడల్లా ఆ తరగతిని ఛాత్రోపాధ్యాయుడి మీద వదిలేయడం. అనుభవం అనుకుని ఒప్పుకుంటారు కానీ, చూసి చెప్పేవాళ్లు లేని బోధనలో తప్పులు గట్టిపడతాయి. కనీసం వారానికి రెండు పాఠాలైనా మెంటర్ వెనక బెంచీ మీద కూర్చుని చూడాలని మొదటే అడగడం మంచిది.

రికార్డుల బాధ గురించి చెప్పకుండా ఉండలేం. పాఠ్యప్రణాళికల రికార్డు, పరిశీలన రికార్డు, పిల్లల అధ్యయనం, బోధనాభ్యసన సామగ్రి రికార్డు. చేతిరాతతో, రంగు స్కెచ్ పెన్నులతో, అట్టలు వేసి. చాలా కాలేజీల్లో రికార్డు అందానికి ఇచ్చే విలువ అందులోని ఆలోచనకు ఇవ్వరు. కోఠిలోనో ఇంకెక్కడో రికార్డులు రాసిపెట్టే దుకాణం దొరుకుతుందన్న మాట కూడా వినిపిస్తుంది. ఆ పని మాత్రం చేయకండి. పిల్లల అధ్యయనం అన్నది చదువులో వెనకబడ్డ ఒక పిల్లవాణ్ణి కొన్ని వారాలపాటు గమనించి రాసేది. బడిని ఇంటికి ముడిపెట్టి చూడటం నేర్పే ఏకైక పని అదే. దాన్ని కొనుక్కుంటే కోర్సులో మిగిలేది సర్టిఫికెట్ కాగితం.

హాజరు తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం. ఏడాదికి 200 పనిదినాలు, వారానికి 36 గంటలు. పగలు ఉద్యోగం, సాయంత్రం కాలేజీ అన్నది ఈ లెక్కలో పట్టదు. అందుకే ‘నాన్ అటెండింగ్’ బేరం పుట్టింది: కాలేజీకి రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు, దానికింత. ఇది నైతికంగా తప్పన్నది సరే, ఉద్యోగం మారేవాళ్లకు ఆచరణలోనూ ప్రమాదమే. ఆ రెండేళ్లూ ఎక్కడ పనిచేశారో పీఎఫ్ ఖాతాలో నెలనెలా నమోదై ఉంటుంది. రెగ్యులర్ కోర్సు, పూర్తికాలం ఉద్యోగం ఒకే తేదీల్లో ఉంటే ధ్రువపత్రాల పరిశీలనలో ఏం చెబుతారు? వేరే రాష్ట్రం నుంచి ‘ఇంట్లో కూర్చుని డీఎల్ఈడీ’ తెప్పిస్తామనేవాళ్లదీ అదే బాపతు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఎన్‌ఐఓఎస్ దూరవిద్యలో డీఎల్ఈడీ చేయించింది 2017-19లో, అప్పటికే బడుల్లో పనిచేస్తున్న శిక్షణ లేని టీచర్లకు. కొత్తవాళ్లకు ఆ దారి లేదు. ఏ కాలేజీ అయినా ఎన్‌సీటీఈ దక్షిణ ప్రాంతీయ కమిటీ జాబితాలో పేరు, కోర్సు, సీట్ల సంఖ్య సరిపోలితేనే ఫీజు కట్టాలి. పేరు ఉండి కోర్సు వేరే ఉండటం కూడా జరుగుతుంది: బీఈడీకి గుర్తింపు ఉన్న ప్రాంగణంలో డీఎల్ఈడీకి లేకపోవచ్చు.

మరి బీఈడీ చెత్తా అంటే కాదు. 6వ తరగతి నుంచి పైకి చెప్పాలనుకుంటే అదే సరైనది. దాని ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ 150 ప్రశ్నలు, 2 గంటలు, తప్పుకు మార్కులు కోయరు. మసాబ్‌ట్యాంక్‌లోని ప్రభుత్వ బీఈడీ కళాశాల ఐఏఎస్‌ఈ, ఉస్మానియా విద్యా కళాశాల వంటివి ఉన్నాయి. కానీ అందులోని మెథడాలజీ ఉన్నత పాఠశాల సబ్జెక్టు చుట్టూ తిరుగుతుంది. అక్షరం రాని పిల్లకు అక్షరం ఎలా పరిచయం చేయాలన్నది దాని పరిధిలోకి రాదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, చిన్న తరగతులకు బీఈడీ చాలదనడంలో న్యాయం ఉంది.

ఇక్కడొక తెలివైన వరస ఉంది, చాలామందికి తట్టదు. దూరవిద్యలో బీఈడీ ఇప్పుడు పనిచేస్తున్న శిక్షణ పొందిన టీచర్లకు, లేదా రెగ్యులర్‌గా ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసినవాళ్లకు మాత్రమే. ఇగ్నో అయినా అంతే. అంటే ముందు డీఎల్ఈడీ రెగ్యులర్‌గా చేస్తే, ఉద్యోగం చేసుకుంటూ తర్వాత బీఈడీ దూరవిద్యలో చేయొచ్చు. ముందు బీఈడీ చేస్తే డీఎల్ఈడీకి మళ్లీ రెండేళ్లు కూర్చోవాల్సిందే. రెండూ కావాలనుకునేవాళ్లు ఏది ముందన్నది తప్పుగా ఎంచుకుంటే జీతం లేని ఏళ్లు రెట్టింపవుతాయి.

డీఎల్ఈడీ రెండో ఏడాదిలోనే టెట్ రాయొచ్చు. పేపర్ 1లో 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు: శిశువికాసం, తెలుగు, ఇంగ్లిష్, గణితం, పరిసరాల విజ్ఞానం తలా 30. ఓసీలకు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 మార్కులు వస్తే పాస్, జీవితకాలం చెల్లుతుంది. ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష అయిన డీఎస్సీలో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి పాసవడంతో ఆగకుండా మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాసేవాళ్లే ఎక్కువ. కేంద్రీయ విద్యాలయాల మీద కన్నుంటే కేంద్రం పెట్టే టెట్ అయిన సీటెట్ పేపర్ 1 కూడా రాసుకోవాలి. ప్రైవేటు బడుల ప్రకటనల్లో ఇప్పటికీ ప్రైమరీ టీచరుకు బీఈడీ అడుగుతారు, చాలాచోట్ల తీసుకుంటారు కూడా. డీఎల్ఈడీ ప్లస్ టెట్ చూపిస్తే కాదనరు, నిజానికి నిబంధనకు నిలిచేది అదే.

ప్రభుత్వ ఉద్యోగం లెక్కలోకి తీసుకునేవాళ్లు రెండు విషయాలు చూసుకోవాలి. 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే ఎస్జీటీలు (సెకండరీ గ్రేడ్ టీచర్లు, అంటే చిన్న తరగతుల టీచర్లు) 6,508, వయోపరిమితి 46 ఏళ్లు, మూలవేతన స్కేలు 31,040 నుంచి 92,050. అది పెద్ద నోటిఫికేషన్. అలాంటిది ఏటా రాదు. రెండోది లోకల్ సంగతి. ఎస్జీటీ జిల్లా కేడర్ పోస్టు, 95 శాతం స్థానికులకే. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం స్థానికత తేల్చేది 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కడ చదివారన్నదే. ఇరవై ఏళ్లుగా కూకట్‌పల్లిలో ఫ్లాటు, ఓటు, ఆధార్ ఉన్నా, ఏడో తరగతి దాకా గుంటూరులో చదివినవాళ్లు హైదరాబాద్‌లో నాన్‌లోకల్. వాళ్లు పోటీపడేది మిగిలిన 5 శాతానికే. ఇది తెలియకుండా ఎస్జీటీ ఆశతో రాజీనామా చేయొద్దు. ప్రైవేటు, కేంద్రీయ విద్యాలయాలు, అంతర్జాతీయ బడులు లక్ష్యంగా పెట్టుకుంటే లెక్క వేరు.

కాలం లెక్క: ప్రవేశ పరీక్ష నుంచి కౌన్సెలింగ్‌కు నెలలు పట్టొచ్చు, రెండేళ్ల చదువు, తర్వాత పరీక్షల ఫలితాలు. మూడేళ్లు పూర్తిగా పడుతుందనుకుని ఇంటి ఖర్చు, ఈఎంఐ, ఆరోగ్య బీమా పక్కన పెట్టుకోవాలి. కంపెనీ బీమా ఉద్యోగంతోపాటే పోతుంది, అది రాజీనామాకు ముందే సొంతంగా తీసుకోవాలి. రాజీనామా లేఖ సీటు అలాట్‌మెంట్ ఆర్డర్ చేతికొచ్చాకే ఇవ్వండి, పరీక్ష రాసిన ఉత్సాహంలో కాదు.

కౌన్సెలింగ్‌కు కావాల్సిన కాగితాల్లో డిగ్రీ పట్టా గురించి అందరూ జాగ్రత్త పడతారు. ఆగిపోయేది మాత్రం బడి చదువుల స్టడీ సర్టిఫికెట్ల దగ్గర. చదివిన ప్రైవేటు బడి మూతపడి ఉంటుంది, లేదా పేరు మారి ఉంటుంది. అలాంటప్పుడు ఆ బడి రికార్డులు ఏ మండల విద్యాధికారి దగ్గరికి చేరాయో కనుక్కుని తెచ్చుకోవడానికి వారాలు పడుతుంది. డీసెట్ దరఖాస్తు నింపే రోజునే దాన్ని మొదలుపెట్టాలి. ఆ పక్కనే, ఇంటర్ మెమో ఏ బీరువాలో ఉందో కూడా చూసుకోవాలి.